తప్పుడు అరెస్టు, తప్పుడు కేసు మీద ఫిర్యాదు: గోదావరి డెల్టా వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను లాయర్ని కాదు, ప్లీడరు గుమాస్తాని. డెల్టాలో ఒక కోర్టు సెంటర్లో ఇరవై ఆరేళ్లుగా ఫైళ్లు మోస్తున్నాను. పొద్దున్న కోర్టు తెరవకముందు టీ కొట్టు దగ్గర, సాయంత్రం ఆఫీసు అరుగు మీద జనం అడిగే ప్రశ్నలే ఇవి. అవే ప్రశ్నలు రోజుకో ఊరి నుంచి వస్తుంటే, ఒకసారి రాసి పెడితే సరిపోతుంది కదా అనిపించింది. మీ కేసులో ఏం చేయాలో ఫైలు చూసిన లాయరు గారే చెప్పాలి. ఆయన దగ్గరికి వెళ్లేసరికి మీ చేతిలో ఏమేం ఉండాలో మాత్రం నేను చెప్పగలను.

ముందుగా ఒక మాట. 2024 జూలై 1 నుంచి, అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే పాత సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది; నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ వచ్చింది. కోర్టు ఆవరణలో ఇప్పటికీ అందరూ 41ఏ నోటీసు, 156(3) పిటిషన్ అనే అంటున్నారు. అందుకని కొత్త నంబరు పక్కన పాతది కూడా ఇచ్చాను.

అసలు తప్పుడు అరెస్టు అని దేన్ని అంటారు?

మనవాడు నిర్దోషి అయినంత మాత్రాన అరెస్టు తప్పుడుది అయిపోదు. ఇది చాలామందికి మింగుడుపడదు. పోలీసులకి ఆరోజు చేతిలో సరైన కారణం ఉండి, పద్ధతి ప్రకారం అరెస్టు చేస్తే, తర్వాత కేసు కొట్టేసినా ఆ అరెస్టు చట్టబద్ధమే. దానికి తిరగేసినదీ నిజమే: నేరం చేసినవాణ్ణయినా కారణం చెప్పకుండా, ఇంట్లోవాళ్లకి తెలియనివ్వకుండా రెండ్రోజులు స్టేషన్లో కూర్చోబెడితే అది తప్పే.

తప్పుడు కేసు వేరే సంగతి. అక్కడ అరెస్టే లేకపోవచ్చు. ఆధారం లేదని తెలిసీ, కక్షతో కేసు పెట్టి కోర్టు చుట్టూ తిప్పితే అది తప్పుడు ప్రాసిక్యూషన్. మొదటిదానికి ఎక్కువగా పోలీసులు జవాబు చెప్పాలి, రెండోదానికి కేసు పెట్టినవాడు. రెండూ కలిసి జరిగినా ఫిర్యాదులు విడివిడిగా రాయించుకోవాలి.

"ఊరికే మాట్లాడదాం రమ్మన్నారు, పొద్దుపోయేదాకా కూర్చోబెట్టారు." ఇది అరెస్టేనా?

కాగితం మీద కాదంటారు. ఎంక్వైరీ అంటారు, పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడుతున్నాం అంటారు. లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ మీకు లేకపోతే అది నిర్బంధమే. ఫోన్ లాగేసుకోవడం, గేటు దగ్గర హోంగార్డు ఆపడం, "ఎస్సై గారు వచ్చేదాకా కదలొద్దు" అనడం, ఇవన్నీ రాసుకోవాల్సిన విషయాలు.

సాక్షిగా పిలిస్తే కూడా ఒక నియమం ఉంది. ఆడవాళ్లని, 15 ఏళ్లలోపు, 60 దాటిన మగవాళ్లని, వికలాంగుల్ని, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లని స్టేషన్‌కి రమ్మనకూడదు. పోలీసులే ఇంటికి వచ్చి అడగాలి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 179, పాత 160. అల్లుడి మీద కేసుకి అత్తగారిని పొద్దుటి నుంచి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టడం మన దగ్గర ఎంత మామూలో మీకు తెలుసు. అదీ ఫిర్యాదు చేయదగ్గదే.

ఇరవై నాలుగు గంటలు ఎప్పటి నుంచి లెక్క?

నా అనుభవంలో ఫిర్యాదు నిలబడేదీ పడిపోయేదీ దీని మీదే. రాజ్యాంగం 22వ అధికరణం, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 58 (పాత 57) ప్రకారం, ప్రయాణానికి పట్టిన సమయం తీసేసి, ఇరవై నాలుగు గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. పట్టుకున్న క్షణం నుంచి లెక్క. కాగితంలో మాత్రం "అరెస్టు చూపించిన" టైము నుంచి ఉంటుంది. ఈ రెండు టైముల మధ్య ఖాళీ ఉంటే, దాన్ని రుజువు చేయడమే మీ పని.

ఒక సంగతి చెబుతాను. చేపల చెరువు కౌలు దగ్గర తగాదా పడ్డ ఒక రైతు మా దగ్గరికొచ్చాడు. పొద్దున్నే పాల కేంద్రంలో పాలు పోసి, చీటీ చేతికి తీసుకుంటుండగా జీపులో ఎక్కించారు. చీటీ మీద వెన్న శాతం, లీటర్లు, కింద టైము: ఉదయం 5:52. క్యాన్ అక్కడే ఉండిపోయింది. కేంద్రం సెక్రటరీ తన పుస్తకంలో ఆ పేరు ఎదురుగా "క్యాన్ వదిలి వెళ్లినారు" అని రాసి, ఇంటికి ఫోన్ చేశాడు. భార్య 6:20కి 112కి కాల్ చేసింది. అరెస్టు మెమోలో, అంటే అరెస్టు వివరాలు పోలీసులు రాసే కాగితంలో ఏముందంటే, మర్నాడు సాయంత్రం 5 గంటలకి బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నామని. రాత్రి 9కి మెజిస్ట్రేట్ గారింటి దగ్గర హాజరుపరిచారు. కాగితం లెక్కన నాలుగు గంటలు, అసలు లెక్కన ముప్పై తొమ్మిది.

వాళ్లావిడ మొదటిసారి వచ్చినప్పుడు గంటసేపు ఏడ్చింది, తిట్టింది, ఎవరెవరు డబ్బు తిన్నారో చెప్పింది. చీటీ సంగతి చెప్పనే లేదు. లేవబోతూ కొంగు ముడి విప్పి, "ఇదేమైనా పనికొస్తుందా అండీ" అంది.

మనిషిని తీసుకెళ్లారు, ఎక్కడున్నాడో తెలీదు. ఇంట్లోవాళ్లు అప్పటికప్పుడు ఏం చేయాలి?

112కి కాల్ చేయండి. వాళ్లు వెంటనే వస్తారని కాదు, ఆ కాల్‌కి టైముతో సహా రికార్డు ఉంటుంది కనుక. తర్వాత ఎస్పీ ఆఫీసుకి ఈమెయిల్ గానీ వాట్సాప్ గానీ పెట్టండి: ఎవర్ని, ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎలాంటి బండిలో తీసుకెళ్లారు, ఎవరు చూశారు. నాలుగు వాక్యాలు చాలు. అదే మెసేజీ మీ లాయరు గారికీ పంపండి. ఒకప్పుడు మా ప్లీడరు గారు అర్ధరాత్రయినా మెజిస్ట్రేట్‌కి టెలిగ్రాం కొట్టించేవారు. 2013లో టెలిగ్రాం ఆగిపోయింది, ఇప్పుడు ఆ పని ఫోనే చేయాలి.

మనిషి ఫలానా స్టేషన్లోనే ఉన్నాడని తెలిసి వాళ్లు ఒప్పుకోకపోతే, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 100 (పాత 97) కింద మెజిస్ట్రేట్ దగ్గర సెర్చ్ వారెంట్ అడగొచ్చు. హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు పెట్టించమనే పిటిషన్) పెద్ద అస్త్రమే, కానీ నేలపాడు దాకా వెళ్లే లోపు ఇక్కడి మెజిస్ట్రేట్ కోర్టులోనే పని అయ్యే దారి ఇది. దీని సంగతి చాలామందికి తెలియదు.

అరెస్టు మెమో మీద సంతకం పెట్టాలా?

మెమో రాయడం వాళ్ల బాధ్యత. సెక్షన్ 36 (పాత 41బి) ప్రకారం దాని మీద ఇంటివాళ్లు గానీ ఊళ్లో మర్యాదస్తుడు గానీ సాక్షి సంతకం చేయాలి, అరెస్టయినవాడూ చేయాలి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన నియమాలే తర్వాత చట్టంలోకి ఎక్కాయి.

టైము తప్పు పడితే, సంతకం కిందే అసలు టైము రాయండి: "నన్ను 14వ తేదీ ఉదయం 5:52కి తీసుకొచ్చారు." రాయనివ్వకపోతే మెజిస్ట్రేట్ గారికి నోటితో చెప్పండి. తెల్లకాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. "అదేం లేదు, ఫార్మాలిటీ" అని రైటర్ గారు ఎంత నెమ్మదిగా చెప్పినా సరే.

అరెస్టుకి కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో, కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదంది సుప్రీంకోర్టు. అదే ఏడాది నవంబరులో మిహిర్ షా కేసులో ఇంకో మెట్టు ఎక్కింది: అన్ని నేరాల్లోనూ రాసివ్వాలి, అరెస్టయినవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అప్పటికప్పుడు వీలు కాకపోయినా మెజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలి. అంటే మనకి తెలుగులో. ఇంగ్లీషు కాగితం ఇస్తే తెలుగులో అడగండి.

మెజిస్ట్రేట్ గారు "పోలీసులు కొట్టారా" అని అడిగితే ఏం చెప్పాలి?

జరిగింది చెప్పాలి. ఇంతే జవాబు, కానీ దీనికే ఎక్కువమంది తప్పుతారు. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉంటారు, ఎదురుగా జడ్జి గారు. "లేదండి" అని నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ "లేదండి" రిమాండ్ ఆర్డర్లోకి ఎక్కుతుంది. ఆరు నెలల తర్వాత మీరు ఎంత పెద్ద ఫిర్యాదు రాసినా, మొదటి రోజు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న మీద ఆగిపోతుంది.

భయమేస్తే ఒక్క మాట అనండి: "దెబ్బలున్నాయండి, డాక్టరు గారికి చూపించండి." సెక్షన్ 53 (పాత 54) ప్రకారం అరెస్టయిన వ్యక్తికి వైద్య పరీక్ష చేయించాలి, రిపోర్టు కాపీ అతనికో అతను చెప్పినవాళ్లకో ఇవ్వాలి. డాక్టరు దగ్గర పోలీసులు పక్కనే ఉంటే వాళ్లని బయటికి పంపమని అడగండి. అరికాళ్ల మీద కొడితే బయటికి కనపడదు. నడవలేకపోతున్నానని డాక్టరుకి చెప్పి రాయించండి. తీసుకెళ్లిన టైము తేడా కూడా మెజిస్ట్రేట్ గారికి అప్పుడే చెప్పాలి.

చిన్న కేసుకి అరెస్టు చేయొచ్చా?

ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాసుకోకుండా చేయకూడదు. అవసరం లేకపోతే సెక్షన్ 35(3) నోటీసు ఇవ్వాలి, అదే మన 41ఏ. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు దీన్ని గట్టిగా చెప్పింది. నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని వాట్సాప్ నోటీసు వచ్చిందని చూసీ చూడనట్టు ఊరుకోకండి. లాయరు ద్వారా రాతపూర్వకంగా జవాబివ్వండి.

మూడేళ్లలోపు శిక్ష ఉన్న కేసులో 60 దాటినవాళ్లని, అనారోగ్యంతో ఉన్నవాళ్లని డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. ఆడవాళ్లని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి.

సంక్రాంతికి ముందు బైండోవర్ అని తహసీల్దారు ఆఫీసుకి తీసుకెళ్లారు. దాని మీద ఫిర్యాదు చేయొచ్చా?

కోడిపందాల సీజన్లో మా అరుగు మీద జనం ఎక్కువయ్యేది దీనికే. బైండోవర్ శిక్ష కాదు, గొడవ చేయనని పూచీకత్తు. సెక్షన్ 126, 129 (పాత 107, 110) కింద నోటీసు ఇచ్చి, మీ మాట విని, అప్పుడు రాయించుకోవాలి. పదేళ్ల కిందట బరి దగ్గర కనపడ్డావని ఇప్పుడు వరసపెట్టి పేర్లు రాసుకుంటే, ఆ ఆర్డర్ మీద సెషన్స్ కోర్టుకి వెళ్లొచ్చు. ముందస్తు అరెస్టయితే (సెక్షన్ 170, పాత 151) వేరే చట్టం ఏదీ అనుమతించకపోతే ఇరవై నాలుగు గంటలు దాటి ఉంచకూడదు. పండగ మూడు రోజులూ లోపల పెడతాం అనడం కుదరదు.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

మొదట జిల్లా ఎస్పీకి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇక్కడ గందరగోళం మొదలైంది. అమలాపురం, భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, ప్రతి చోటా ఎస్పీ ఉన్నారు. సోమవారం జనం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి చీటీ దాచుకోండి. ఎస్పీకి రాశాక కూడా పోలీసుల మీద కేసు కట్టకపోతే అఫిడవిట్‌తో మెజిస్ట్రేట్ దగ్గర 175(3) పిటిషన్, పాత 156(3), వేయొచ్చు. ఎస్పీకి రాయకుండా నేరుగా వస్తే కోర్టు వెనక్కి పంపేస్తుంది. డ్యూటీలో భాగంగా చేశాడనే ఉద్యోగి మీదైతే 175(4) వర్తిస్తుంది: కోర్టు పైఅధికారి రిపోర్టు తెప్పించుకుని, ఆ ఉద్యోగి వాదన కూడా విన్నాకే ఆర్డర్ వేస్తుంది. అదీ కాకపోతే సెక్షన్ 223 (పాత 200) కింద ప్రైవేటు కేసు.

మానవ హక్కుల కమిషన్ ఇంకో దారి. రాష్ట్ర కమిషన్ 2021లో కర్నూలులో ఏర్పాటైంది, జాతీయ కమిషన్ ఢిల్లీలో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి, దాటితే తీసుకోరు. కోర్టులో నడుస్తున్న విషయాన్నీ సాధారణంగా ముట్టుకోరు. రెండు కమిషన్లకీ ఒకేసారి రాసి "ఎవరో ఒకరు చూస్తారులే" అనుకోవద్దు. ఒకరి దగ్గర పెండింగ్ ఉంటే రెండోవాళ్లు పక్కన పెడతారు. కమిషన్ శిక్ష వేయదు, పరిహారం ఇమ్మని, చర్య తీసుకోమని ప్రభుత్వానికి సిఫార్సు చేస్తుంది. అయినా పోలీసు శాఖ నుంచి రాతపూర్వక జవాబు తెప్పిస్తుంది, ఆ జవాబే తర్వాత మీకు సాక్ష్యం అవుతుంది. నన్నడిగితే కమిషన్‌కి రాయడంలో అసలు లాభం అదే.

పోలీసుల మీద ఫిర్యాదులకి ప్రత్యేక అథారిటీ పెట్టమని 2006లో ప్రకాష్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. మీ జిల్లాలో అది పనిచేస్తోందో లేదో న్యాయ సేవాధికార సంస్థలో కనుక్కుని అప్పుడు రాయండి.

యానాంలో జరిగితే?

యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా అది పుదుచ్చేరి. ఎదుర్లంక వంతెన దాటగానే పోలీసు శాఖ మారిపోతుంది, హైకోర్టు కూడా మద్రాసు హైకోర్టు అవుతుంది. అక్కడి పోలీసుల మీద అమలాపురం ఎస్పీకి రాస్తే లాభం లేదు. హక్కుల ఫిర్యాదు జాతీయ కమిషన్‌కే పంపండి. వశిష్ఠ పాయ మీద ఇంత చిక్కు లేదు: సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురంలో కాలు పెడితే జిల్లా మారుతుంది గానీ రాష్ట్రం మారదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు రాసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

ఫిర్యాదు ఎలా రాయాలి?

ఒకటిన్నర పేజీ. అంతకు మించితే చదివేవాళ్లకి ఓపిక ఉండదు. తేదీ, టైము, చోటు వరసగా రాయండి. "అన్యాయంగా, అక్రమంగా, రాక్షసంగా" లాంటి మాటలు తీసేయండి. ఎవరేమన్నారో, ఏం చేశారో రాయండి. ఎస్సై పేరు తెలియకపోతే ఎలా ఉన్నాడో రాయండి, బండి నంబరులో చివరి రెండంకెలు గుర్తున్నా రాయండి. మీకు తెలియనిది తెలియదనే రాయాలి. ఒక్కటి అబద్ధమని తేలితే మిగతా తొమ్మిదీ నమ్మరు. ఆవేశంలో ఎమ్మెల్యే పేరు, ఎదుటి కులం పేరు ఇరికిస్తారు కొందరు. ఆధారం లేకపోతే అవి మీ మీదకే తిరుగుతాయి.

చివర్లో ఏం కావాలో స్పష్టంగా ఉండాలి: విచారణ, సీసీటీవీ భద్రపరచడం, వైద్య రిపోర్టు కాపీ, పరిహారం. "తగిన న్యాయం చేయగలరు" అని ముగిస్తే వాళ్లకి ఏం చేయాలో తెలియదు.

స్టేషన్ సీసీటీవీ దొరుకుతుందా?

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్లో గేటు, లాకప్, వరండా, ఎస్సై గది అన్నిచోట్లా కెమెరాలు ఉండాలని, రికార్డు 18 నెలలు దాచాలని, పరికరానికి అంత శక్తి లేకపోయినా ఏడాదికి తగ్గకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆచరణలో "కెమెరా పాడైంది", "హార్డ్ డిస్క్ నిండిపోయింది" అనే జవాబులు మేం చాలా చూశాం. అందుకే మొదటి వారంలోనే, ఫలానా తేదీ ఫలానా టైము ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి రాసేయాలి. తర్వాత పోయిందంటే, మీరు ముందే అడిగారన్న కాగితం ఉంటుంది.

సమాచార హక్కు కింద స్టేషన్ జనరల్ డైరీ (రోజూ జరిగినవి రాసే పుస్తకం) కాపీ అడగొచ్చు. ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది, దరఖాస్తులో ఆ మాట రాయండి. స్టేషన్ ఎదురు మెడికల్ షాపు కెమెరా, పెట్రోలు బంకు కెమెరా కూడా పనికొస్తాయి, కాకపోతే అవి పదిపదిహేను రోజుల్లోనే చెరిగిపోతుంటాయి.

ఎన్నాళ్లలోపు కదలాలి?

కమిషన్‌కి ఏడాది అని చెప్పాను. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలన్నా లిమిటేషన్ చట్టం ప్రకారం ఏడాదే. అక్రమ నిర్బంధానికి (ఆర్టికల్ 73) విడుదలైన రోజు నుంచి, కక్షపూరిత ప్రాసిక్యూషన్‌కి (ఆర్టికల్ 74) కేసు కొట్టేసిన రోజు నుంచి లెక్క. ఇక్కడే జనం మునుగుతారు: కేసు కొట్టేశాక అన్నిటికీ కలిపి ఒకేసారి వేద్దాం అనుకుంటారు. కేసు తేలేసరికి అయిదేళ్లు. నిర్బంధం దావాకి గడువు ఎప్పుడో పోయి ఉంటుంది.

ప్రభుత్వం మీద, ఉద్యోగి మీద దావా అంటే ముందు సివిల్ కేసుల పద్ధతి చట్టం సీపీసీలోని సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ రెండు నెలలు గడువులోంచి మినహాయిస్తారు గానీ, పదకొండో నెలలో ఫైలు పట్టుకొచ్చి మమ్మల్ని పరుగులు పెట్టించకండి.

కేసు కొట్టేశారు. ప్రభుత్వం పరిహారం ఇస్తుందా?

దానంతట అది ఇవ్వదు. తప్పుడు ప్రాసిక్యూషన్‌కి పరిహారం చట్టం తేవాలని 2018లో లా కమిషన్ 277వ నివేదికలో చెప్పింది, అలాంటి చట్టం ఇంకా రాలేదు. ఉన్న దారి హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్. 1983లో రుదుల్ సాహ్ కేసులో, నిర్దోషి అని తేలాక కూడా 14 ఏళ్లు బీహార్ జైల్లో మగ్గినవాడికి సుప్రీంకోర్టు 35 వేలు ఇప్పించింది; రిట్‌లో పరిహారం ఇప్పించడం అక్కడ మొదలైంది. 1985లో భీమ్ సింగ్‌కి 50 వేలు. 1994లో గూఢచర్యం కేసులో అరెస్టయిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కి 2018లో 50 లక్షలు. ఆయనకి ఇరవై నాలుగేళ్లు పట్టిందని కూడా గుర్తుంచుకోండి.

కింది కోర్టులోనే దొరికేది ఒకటుంది. ఊరికే అరెస్టు చేయించినవాడి చేత మెజిస్ట్రేట్ పరిహారం ఇప్పించొచ్చు, సెక్షన్ 399, పాత 358. ఎంత? వెయ్యి రూపాయల దాకా. నాలుగు వాయిదాల బస్సు చార్జీలకీ టిఫిన్లకీ చాలదు. అయినా ఆ ఆర్డరులో "తగిన కారణం లేకుండా" అన్న మాట పడితే తర్వాతి దావాకి అది బంగారం.

కేసు పెట్టిన పక్క పొలం ఆయన మీద ఏం చేయగలం?

నాలుగు విషయాలు చూపించాలి: కేసు నడిపించింది ఆయనే, అది మీకు అనుకూలంగా ముగిసింది, పెట్టడానికి సరైన కారణం లేదు, కక్షతో పెట్టాడు. దాని వల్ల మీకు నష్టం జరిగిందని కూడా. తీర్పులో "అనుమానం మేరకు వదిలేస్తున్నాం" అని ఉంటే కష్టం, "అబద్ధం" అని ఉంటే సులువు. అందుకే తీర్పు సర్టిఫైడ్ కాపీ మొత్తం చదివించుకోండి, చివరి పేరా ఒక్కటే కాదు.

అబద్ధపు ఫిర్యాదుకి బీఎన్‌ఎస్ 217, అబద్ధపు నేరారోపణకి 248 ఉన్నాయి. 248 కింద అయిదేళ్లు, పెద్ద నేరం అంటగడితే పదేళ్ల దాకా శిక్ష. కానీ 217కి ఆ అధికారి, కోర్టు వ్యవహారంతో ముడిపడిన 248కి ఆ కోర్టే ఫిర్యాదు చేయాలి. మీరు చేయగలిగేది అలా చేయమని కోర్టుని అడగడం, సెక్షన్ 379, పాత 340. బాధితుడు ఎస్సీ, ఎస్టీ అయితే, ఆ వర్గం కాని వ్యక్తి తప్పుడు కేసు పెట్టడమే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(పి) కింద నేరం.

గట్టు తగాదా, కౌలు బాకీ, బోదె నీళ్లు, ఇలాంటి సివిల్ గొడవని క్రిమినల్ కేసు చేస్తే, తీర్పు దాకా ఆగక్కర్లేదు. హైకోర్టులో కేసునే కొట్టేయమని క్వాష్ పిటిషన్ వేయొచ్చు, సెక్షన్ 528, పాత 482. ఎలాంటి కేసులు కొట్టేయొచ్చో 1990 నాటి సుప్రీంకోర్టు భజన్‌లాల్ తీర్పులో వరసగా ఉంది.

రాజీ పడమంటున్నారు. పడాలా?

అది మీ ఇష్టం, మీ ఇంటి పరిస్థితి. లోక్ అదాలత్‌లో రాజీతో ముగిస్తే మాత్రం, మీరు గెలిచారని అనడానికి లేదు, పరిహారం దావాకి బలం పోతుంది. రాజీ కాగితంలో "ఇకపై ఎలాంటి ఫిర్యాదులూ చేయను" అన్న వాక్యం ఉందేమో చూసి సంతకం పెట్టండి.

లాయరుకి డబ్బుల్లేవు.

కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ 15100. జిల్లాలు ఎన్నయినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు పాత లెక్కనే రాజమహేంద్రవరం, ఏలూరు జిల్లా కోర్టుల్లో ఉన్నాయి. మీ ఊరికి దగ్గరి కోర్టులోని మండల కమిటీలో అడిగినా సరిపోతుంది.

ఫిర్యాదు చేస్తే ఇంకో కేసు బనాయిస్తారని టెన్షన్.

భయం ఉత్తుత్తిది కాదు. ఫిర్యాదు ఇచ్చిన వారానికే పాత కేసులో ఏ4గా, అంటే నాలుగో నిందితుడిగా పేరు చేరడం చూశాను. చేయగలిగింది ఒకటే: ఫిర్యాదు కాపీ ఒక్కచోట ఉంచకండి. ఎస్పీ, కమిషన్, లాయరు, ఊళ్లో ఒకరి దగ్గర. తర్వాత కొత్త కేసు పడితే, తేదీల వరసే కక్షని చూపిస్తుంది.

గల్ఫ్ వీసా వచ్చింది, కేసు ఉంది. పాస్‌పోర్టు?

కోర్టులో కేసు పెండింగ్ ఉంటే పాస్‌పోర్టు ఆపొచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. దరఖాస్తులో కేసు దాచిపెట్టొద్దు. ఉద్యోగ దరఖాస్తుల్లోనూ అంతే. కేసు ఉండటం కంటే దాచడమే కొంప ముంచుతుంది.

మా అబ్బాయిని అమెరికాలో తప్పుగా అరెస్టు చేశారు.

భీమవరం, తణుకు వైపు నుంచి ఈ మధ్య ఈ ప్రశ్న కూడా వస్తోంది. అక్కడ మన చట్టం పనిచేయదు. రాష్ట్ర, స్థానిక పోలీసుల మీద సివిల్ రైట్స్ దావా 1871 నాటి చట్టం కింద, సెక్షన్ 1983 అంటారు, ఫెడరల్ కోర్టులో వేస్తారు. గడువు రాష్ట్రాన్ని బట్టి: టెక్సాస్, కాలిఫోర్నియాల్లో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు. రాష్ట్ర చట్టం కింద కూడా అడగాలంటే ముందస్తు నోటీసు గడువు ఇంకా తక్కువ, న్యూజెర్సీలో 90 రోజులే. ప్రాసిక్యూటర్ల మీద ఆ దావా దాదాపు నిలబడదు. భారత కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం 36వ అధికరణం కింద అబ్బాయికి ఉంది. అన్నిటికన్నా ముఖ్యం: "తప్పు ఒప్పుకుంటే ఇవాళే వదిలేస్తారు" అంటే, ఇమిగ్రేషన్ లాయర్ని అడక్కుండా ఒప్పుకోవద్దని చెప్పండి. వీసా అక్కడే పోతుంది.

ఆ పాల చీటీ రైతు కేసు ఏమైంది?

క్రిమినల్ కేసు కొట్టేశారు. పాల కేంద్రం సెక్రటరీ తన పుస్తకం పట్టుకుని కోర్టుకొచ్చి, "క్యాన్ వదిలి వెళ్లినారు" అని తానే రాశానని చెప్పాడు. మెమో మీద సాక్షిగా సంతకం పెట్టినాయన తాను ఆరోజు బస్టాండుకే వెళ్లలేదన్నాడు. నిర్బంధం మీద దావా గడువులోనే వేశాం, ఇంకా నడుస్తోంది. మొన్నటి వాయిదాకి అవతలి వాళ్లు టైము అడిగారు. చీటీ అసలు కాగితం కోర్టు ఫైల్లో ఉంది. అలాంటి కాగితం మీద అక్షరాలు ఏడాది తిరక్కుండానే ఎగిరిపోతాయి, ఇప్పుడు చూస్తే లేత పసుపు ముక్క, అంతే. ఆవిడ కొంగులోంచి తీసిచ్చిన రోజే ఎదురుగా ఉన్న షాపులో మూడు జిరాక్సులు తీయించి నోటరీ చేయించాం. వాటి మీద 5:52 ఇప్పటికీ చక్కగా కనపడుతుంది.